ట్రిక్ వర్క్‌ని అంత తేలిగ్గా తీసెయ్యకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో డ్రాకులా సినిమాల మీద వచ్చిన వ్యాసం చదివాను. రాసినవారు శ్రద్ధగానే రాశారు, కాదనను. కానీ 1992లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా తీసిన 'బ్రామ్ స్టోకర్స్ డ్రాకులా' దగ్గరికొచ్చేసరికి రెండు మాటలు అన్నారు. పేరులోనే రచయిత ఉన్నాడు కాబట్టి నవలను ఉన్నదున్నట్టు తీసిన సినిమా ఇదేనన్నారు. అప్పటికి గ్రాఫిక్స్ లేవు కాబట్టి పాపం ట్రిక్కులు నాటకం స్థాయిలో ఆగిపోయాయని కూడా అన్నారు. మొదటి మాట సగం తప్పు, రెండోది పూర్తిగా తప్పు. నేను మద్రాసులో, కోడంబాకం స్టూడియోల్లో కెమెరా అసిస్టెంట్‌గా చేసినవాణ్ణి. ఎక్కువ కాలం ట్రిక్ వర్క్ దగ్గరే గడిచింది. రిటైరై ఇప్పుడు తెనాలిలో ఉంటున్నాను. అందుకే ఆ రెండో మాట చదివి ఊరుకోలేకపోయాను. ఉత్తరం కాస్త పొడుగైంది. వీలైతే కత్తిరించకుండా వేయండి.

కంప్యూటర్ దొరక్క కొప్పోలా అలా తీయలేదు. అంతకు ముందు ఏడాదే, 1991లో, 'టెర్మినేటర్ 2' వచ్చింది. పాదరసంలా కరిగిపోయి మళ్లీ మనిషిగా లేచి నిలబడే పోలీసును అందులో కంప్యూటర్ మీదే తయారుచేశారు. 1993లో 'జురాసిక్ పార్క్' వచ్చింది. సరిగ్గా ఆ రెండింటి మధ్య, దాదాపు 4 కోట్ల డాలర్ల బడ్జెట్ చేతిలో ఉండగా, ఈయన కావాలనే పాత దారి పట్టాడు. మొదట పెట్టుకున్న ఎఫెక్ట్స్ నిపుణులు ఇవి పాత పద్ధతిలో కుదిరే పనులు కావన్నారు. వాళ్లను పంపించేసి, ఇంకా ముప్ఫై నిండని కొడుకు రోమన్ కొప్పోలాకి ఆ పని అప్పగించాడు. షరతు ఒక్కటే. సినిమా పుట్టిన కొత్తలో కెమెరామన్ ఏం చేయగలిగేవాడో అవే చేయాలి. వీలైనంతవరకు కెమెరాలోనే, ఆ ఒక్క నెగటివ్ మీదే.

ఎందుకంత పట్టుదల అంటే, తేదీలు చూడండి. నవల అచ్చయింది 1897 మే నెలలో. లూమియేర్ సోదరులు పారిస్‌లో టిక్కెట్టు పెట్టి బొమ్మ ఆడించింది 1895 డిసెంబర్ 28న. 1896 జూలై 7కల్లా ఆ బొమ్మ బొంబాయి వాట్సన్ హోటల్‌ దాకా వచ్చేసింది. అంటే డ్రాకులా, సినిమా దాదాపు ఒక ఈడువాళ్లు. నవల చదివినవారికి ఇంకో సంగతి కూడా తెలుసు. కోట, గబ్బిలాలు, శవపేటికలు పైకి కనిపించేవి మాత్రమే. లోపలంతా ఆనాటి కొత్త యంత్రాల మోత. పిచ్చాసుపత్రి నడిపే డాక్టర్ సీవార్డ్ డైరీ రాయడు. గొంతు రికార్డు చేసే ఫోనోగ్రాఫ్ ముందు కూర్చుని మైనపు గొట్టాల మీదికి మాట్లాడతాడు. డ్రాకులాకి ఇంగ్లండ్‌లో ఇల్లు కొనిపెట్టడానికి వెళ్లిన కుర్ర ప్లీడరు హార్కర్ షార్ట్‌హ్యాండ్‌లో రాస్తాడు. డ్రాకులా కొనబోయే ఇంటిని కొడాక్ కెమెరాతో ఫోటోలు తీసుకెళ్తాడు. హార్కర్ పెళ్లాడిన మీనా అందరి డైరీలూ టైప్‌రైటర్ మీద కొట్టి, తేదీల వారీగా సర్ది ఫైలు చేస్తుంది. మనం చదివేది ఆ ఫైలే. మధ్యలో టెలిగ్రాములు, పేపరు కత్తిరింపులు. డ్రాకులా కాటుకు గురైన మీనా స్నేహితురాలు లూసీకి నలుగురు మగవాళ్ల రక్తం ఒకరి తర్వాత ఒకరిది ఎక్కిస్తారు. లాండ్‌స్టైనర్ బ్లడ్ గ్రూపుల సంగతి బయటపెట్టింది 1901లో. ఆ పిల్ల డ్రాకులా వల్ల పోయిందో, ఈ డాక్టర్ల వైద్యం వల్ల పోయిందో నాకైతే ఇప్పటికీ అనుమానమే.

అలాంటి నవలను తెరకెక్కిస్తూ, ఆ యంత్రాల వరసలో స్టోకర్ వదిలేసిన ఒక్క యంత్రాన్ని కొప్పోలా తెచ్చి పెట్టాడు. సినిమాలో డ్రాకులా లండన్ వీధిలో మీనాని కలిసి సినిమాటోగ్రాఫ్ (లూమియేర్ల ఆ కదిలే బొమ్మ) చూడ్డానికి తీసుకెళ్తాడు. నవలలో ఈ ముక్క లేదు. అయినా నాకది నవలలోంచి ఊడిపడ్డట్టే ఉంటుంది. ఆ వీధి దృశ్యాన్ని చేత్తో తిప్పే పాతకాలపు పాథే కంపెనీ కెమెరాతో తీశారు. మనుషులు కాస్త గబగబా, కాస్త తడబడుతూ నడుస్తారు, వెలుతురు కొట్టుకుంటూ ఉంటుంది. హ్యాండిల్ తిప్పే చేతి వేగం సెకనుకోలా మారుతుంది కాబట్టి అలా వస్తుంది. కంప్యూటర్‌లో ఇప్పుడు 'ఓల్డ్ ఫిల్మ్' అని బటన్ నొక్కితే గీతలు, చుక్కలు పడతాయి గానీ, ఆ చేతి తడబాటు రాదు.

ఇక అసలు పనికొస్తాను. హార్కర్ కోటలోకి వెళ్లాక ఒక దూలం అడుగు భాగాన ఎలకలు తలకిందులుగా నడిచిపోతుంటాయి. మా మనవడు హైదరాబాద్‌లో ఒక వీఎఫ్‌ఎక్స్ స్టూడియోలో కంపోజిటింగ్ (విడివిడిగా తీసిన బొమ్మల్ని ఒకే ఫ్రేములో కలిపే పని) చేస్తాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు వాడికి ఇది చూపించాను. "తాతయ్యా, వైర్ రిమూవల్ అంత నీట్‌గా ఆ రోజుల్లో ఎలా చేశారు?" అన్నాడు. కట్టిన తీగల్ని తర్వాత బొమ్మలోంచి చెరిపేశారని వాడి లెక్క. వైరే లేదురా అన్నాను. ముందు సెట్టును మామూలుగా తీస్తారు. ఎలకలు రావలసిన చోట చీకటి ఉంచుతారు. తర్వాత ఫిల్మ్ వెనక్కి తిప్పి, కెమెరాను తలకిందులు చేసి, మామూలుగా దూలం మీద నడిచే ఎలకల్ని అదే ఫిల్మ్ మీద మళ్లీ ఎక్స్‌పోజ్ చేస్తారు. ఎలక తన దారిన తాను పోతుంది, తిరగబడింది కెమెరా. సీసాలోంచి చుక్కలు కిందికి కాక పైకి పడే షాటు కూడా ఈ తలకిందుల లెక్కే. వాడు కాసేపు ఆలోచించి, "మరి రెండోసారి తప్పు పోతే?" అన్నాడు. తప్పు పోతే మొదటిదీ పోయినట్టే. అదే కదా మరి పని!

మా రోజుల్లో ఒకే హీరో ఇద్దరుగా ఎదురెదురుగా నిలబడాలంటే ఇదే ఇబ్బంది. లెన్సు ముందుండే మాట్ బాక్స్‌లో మాస్క్ పెట్టి ఫ్రేములో సగం మూసేవాళ్లం. ఎడమవైపు హీరోని తీసి, లెన్సు మూసి, ఫిల్మ్ వెనక్కి తిప్పి, ఫ్రేములు లెక్కపెట్టే కౌంటర్ చూసుకుంటూ సరిగ్గా మొదలైన ఫ్రేము దగ్గర ఆపి, మాస్క్ రెండోవైపుకి మార్చేవాళ్లం. ఈలోగా హీరో బట్టలు మార్చుకుని వచ్చేవాడు. ట్రైపాడ్‌ను ఎవరైనా కాలితో తాకితే, మధ్యలో ఫ్యాను గాలికి కర్టెన్ కదిలితే, ఫ్రేము మధ్యన గీత పడేది. పడిందా లేదా అన్నది ల్యాబ్ నుంచి రషెస్ (కడిగి వేసిన ప్రింటు) వచ్చేదాకా తెలియదు. అప్పటిదాకా టెన్షన్. రివర్స్‌లో తిరగని కెమెరా అయితే, దాన్ని తలకిందులుగా బిగించి తీసి, ఆ ఫిల్మ్ ముక్కను కొస మొదలుగా తిప్పి అతికిస్తే బొమ్మ నిటారుగానూ, కదలిక వెనక్కీ వస్తుంది. 'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్ట్‌లీ వెన్నెలను, 'సీతారామ కళ్యాణం' (1961)లో రవికాంత్ నగాయిచ్ ట్రిక్ వర్క్‌నీ చూసి ఈ లైనులోకి వచ్చినవాణ్ణి నేను. అందుకే డ్రాకులాను మొదటిసారి వీడియో క్యాసెట్ మీద చూసినప్పుడు కథ వదిలేసి కౌంటర్ నంబర్లు లెక్కపెట్టుకున్నాను.

రివర్స్ అన్నాను కాబట్టి లూసీ సమాధి సీను చెప్పాలి. పిశాచిగా మారిన లూసీ, తెల్లటి పెళ్లిబట్టల్లో, డ్రాకులాను వేటాడే డాక్టర్ వాన్ హెల్సింగ్ శిలువ చూపిస్తుంటే వెనక్కి వెనక్కి జరిగి శవపేటికలోకి వాలిపోతుంది. ఆ కదలికలో ఏదో తేడా ఉందని ప్రతి ప్రేక్షకుడికీ తెలుస్తుంది గానీ, ఏమిటో పట్టుకోలేడు. ఆ పాత్ర వేసిన సేడీ ఫ్రాస్ట్ చేసింది ఆ పనికి ఎదురు. పేటికలోంచి లేచి బయటికి వచ్చింది. ఫిల్మ్‌ను తిరగేసి ఆడించారు. లేచేటప్పుడు మనిషి ఒంటి బరువు ఒకలా ఉంటుంది, పడుకునేటప్పుడు ఇంకోలా. లేచే బరువుతో పడుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఒక్క పైసా ఎక్స్‌ట్రా ఖర్చు లేదు. ఖర్చంతా ఆలోచనకే.

డ్రాకులా నీడ సంగతి మీ వ్యాసంలో అసలు లేదు. కోటలో హార్కర్‌తో మాట్లాడుతుంటాడు ముసలి డ్రాకులా, గోడమీద నీడ మాత్రం తన ఇష్టానికి తాను కదులుతుంటుంది, హార్కర్ మెడమీదికి చేతులు చాస్తుంది. ఆ నీడ వేరే మనిషిది. తెరవెనక నిలబడి, డ్రాకులా వేషం వేసిన గ్యారీ ఓల్డ్‌మన్ కదలికల్ని అనుకరిస్తూ, సమయం వచ్చినప్పుడు కావాలనే తప్పుతుంటాడు. సినిమా మొదట్లో, డ్రాకులా ఇంకా మనిషిగా ఉన్న 1462 నాటి యుద్ధం ఉంటుంది చూశారా, ఎర్రటి ఆకాశం ముందు నల్లటి ఆకారాలు, ఈటెలకు గుచ్చిన మనుషులు? అందులో చాలామటుకు బొమ్మలే. మన తోలుబొమ్మలాటలో లంకాదహనం చూసినవాడికి ఆ సీను ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. దానికి నాటకం స్థాయి అని పేరు పెడితే, సరే, నాటకమే అనుకోండి. కానీ అది డబ్బు, కంప్యూటర్ లేక వచ్చిన నాటకం కాదు.

రైలు షాటు ఒకటి ఉంది. తెర కింద హార్కర్ డైరీ పేజీలు, వాటి అంచు మీదుగా పొగ వదులుతూ రైలు, దాని నీడ అక్షరాల మీద పాకుతుంటుంది. పుస్తకం పెద్దది చేయించారు, రైలు బొమ్మ రైలు. కొంచెం ముందు నెమలి పింఛం కన్ను కాస్తా సొరంగం నోరవుతుంది. రైలు కిటికీలోంచి చూస్తే ఆకాశంలో రెండు కళ్లు, హార్కర్ మొహం మీద ట్రాన్సిల్వేనియా మ్యాపు. ఇవన్నీ ప్రొజెక్షన్లు, మినియేచర్లు, గ్లాస్ మీద పెయింటింగులు. దాదాపు సినిమా అంతా కాలిఫోర్నియాలో, కల్వర్ సిటీ స్టేజీల మీదే తీశారు. ట్రాన్సిల్వేనియా ఉన్న రుమేనియాకి వెళ్లలేదు. అన్నట్టు స్టోకర్ కూడా ఆ దేశం మొహం చూడలేదు. లండన్ లైసియం థియేటర్‌లో మేనేజర్ ఉద్యోగం చేసుకుంటూ, లైబ్రరీల్లో పుస్తకాలు తిరగేసి, మ్యాపులు చూసి రాశాడు. డ్రాకులా ఇంగ్లండ్‌లో దిగే విట్బీ రేవు మాత్రం 1890లో స్వయంగా వెళ్లి చూశాడు.

ఇక నవలకు విధేయత సంగతి. మామూలుగా ఈ కథ తీసినవాళ్లు ఎగరగొట్టేసే అమెరికన్ క్విన్సీ మోరిస్‌ని ఇందులో ఉంచారు. డైరీలు, ఉత్తరాల పద్ధతి ఉంచారు. నెత్తురు తాగేకొద్దీ డ్రాకులా వయసు తగ్గడం ఉంచారు. పగటిపూట అతను తిరగగలగడం కూడా స్టోకర్ రాసిందే. ఎండ తగిలితే చచ్చిపోవడమనేది నవలలో లేదు, అది 1922లో జర్మనీలో మూర్నౌ తీసిన 'నోస్ఫెరాటు'తో వచ్చింది. మీ వ్యాసంలో దాన్నీ స్టోకర్ ఖాతాలో వేశారు, సరిచేసుకోండి. (ఆ సినిమా మీద స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ కోర్టుకెళ్తే, ప్రింట్లన్నీ నాశనం చేయమని 1925లో తీర్పొచ్చింది. అయినా అది బతికింది. దయ్యం సినిమా కదా.)

కానీ కథకు గుండెకాయ లాంటి ఆ ప్రేమ, చనిపోయిన భార్య ఎలిసబెటా మళ్లీ మీనాగా పుట్టడం, నాలుగు శతాబ్దాల విరహం, ఇవన్నీ స్టోకర్ రాసినవి కావు. నవలలో మీనా అతన్ని క్షణం కూడా ప్రేమించదు. అతను ఆమె నోరు తన ఛాతీకి నొక్కి బలవంతంగా రక్తం తాగిస్తాడు, ఆమె అసహ్యంతో విలవిలలాడుతుంది. చివర్లో కోట ముందు, పొద్దు గూకే వేళ, హార్కర్ కుక్రీ కత్తితో అతని గొంతు కోస్తాడు. అవును, మన గూర్ఖాల కుక్రీయే. క్విన్సీ తన బౌయీ కత్తి గుండెలో దించుతాడు. సినిమాలోలా మీనా చర్చిలో ముద్దుపెట్టి తల నరకడం నవలలో లేదు. అయితే స్క్రీన్‌ప్లే రాసిన జేమ్స్ హార్ట్ గాల్లోంచి మాత్రం తేలేదు. నవలలో కూడా మీనా తన వాళ్లతో, అతని మీద కాస్త జాలి ఉంచండి అంటుంది. ఒళ్లు ధూళి అయ్యే ముందు అతని మొహంలో శాంతి కనిపించిందని రాసుకుంటుంది. ఆ రెండు వాక్యాలు పట్టుకుని రెండు గంటల ప్రేమకథ అల్లారు. పునర్జన్మ కథలు మనకు కొత్తవి కావు కాబట్టి మనవాళ్లకు అది వెంటనే ఎక్కుతుంది. 2025లో లూక్ బెస్సన్ తీసిన డ్రాకులాలో కూడా ఆ విరహమే. ఇంకో తరం పోతే అది స్టోకరే రాశాడనుకుంటారు, మీ వ్యాసకర్త అనుకున్నట్టే.

కాబట్టి నా మాట ఇది. కథ విషయంలో ఈ సినిమా పేరులోని ఆ పెద్దమనిషికి సగమే విధేయం. తీసిన పద్ధతిలో మాత్రం, నేను చూసిన డ్రాకులాలన్నింటిలోకీ ఆయన కాలానికి ఎక్కువ విధేయం. మీరు మొదటిదాన్ని మెచ్చుకుని రెండోదాన్ని ఎగతాళి చేశారు.

లోపాలు లేవనను. హార్కర్ వేషం వేసిన కీను రీవ్స్ నోట ఇంగ్లండ్ యాస అరువు తెచ్చుకున్న కోటులా వేలాడింది. కొత్తగా పరీక్ష పాసైన లండన్ ప్లీడరులా ఒక్క సీనులోనూ అనిపించడు. ఆంటొనీ హాప్కిన్స్ వాన్ హెల్సింగ్‌గా అరిచినచోటల్లా వాల్యూమ్ తగ్గించుకున్నాను. చివరి అరగంట పరుగో పరుగు. కానీ వోయ్‌చెక్ కిలార్ సంగీతం, ముఖ్యంగా వేట మొదలైనప్పుడు వచ్చే ఆ బరువైన తాళం, ఆ పరుగుని కూడా మోసింది. ఇక జపాన్ నుంచి వచ్చిన ఎయికో ఇషియోకా కుట్టించిన బట్టల గురించి మీరు రాసింది బాగుంది. సెట్ల మీద కన్నా బట్టల మీద దృష్టి పెడదామని కొప్పోలా ముందే అనుకున్నాడట. నేల మీద ఈడ్చుకుంటూ పోయే ఆ ఎర్ర అంగీ చూస్తే నిజమే అనిపిస్తుంది.

ఇంకో చిన్న సంగతి. మన భేతాళ కథల్లోంచే స్టోకర్‌కి ఈ ఆలోచన వచ్చిందని వ్యాసం చివర్లో ఉంది. వాట్సాప్‌లో కూడా తిరుగుతోంది. ఇంగ్లీషు యాత్రికుడు రిచర్డ్ బర్టన్ ఆ కథల్ని 1870లో ఇంగ్లీషులో వేశాడు, నిజమే. స్టోకర్ బర్టన్‌ని ఎరుగును. మాట్లాడేటప్పుడు పై పెదవి లేచి అతని కోరపన్ను మెరిసేదని 1906లో అచ్చయిన జ్ఞాపకాల్లో రాశాడు కూడా. అంతవరకే. స్టోకర్ నవల కోసం రాసుకున్న నోట్సు ఫిలడెల్ఫియాలోని రోజెన్‌బాక్ మ్యూజియంలో భద్రంగా ఉంది. ట్రాన్సిల్వేనియా పక్కనున్న వలేకియా గురించి విల్కిన్సన్ రాసిన పుస్తకం, ట్రాన్సిల్వేనియా మూఢనమ్మకాల మీద ఎమిలీ జెరార్డ్ వ్యాసం, అతను చదివినవి ఇలాంటివి. భేతాళుడికి సొంత గొప్ప చాలానే ఉంది, డ్రాకులాని అతని భుజానికి ఎక్కించక్కర్లేదు.

ఒక్క విన్నపంతో ముగిస్తాను. ఈ సినిమాకు మూడు ఆస్కార్లు వచ్చాయి, బట్టలకూ, మేకప్‌కూ, సౌండ్ ఎఫెక్ట్స్ ఎడిటింగ్‌కూ. విజువల్ ఎఫెక్ట్స్‌కి కనీసం నామినేషన్ కూడా దక్కలేదు. కనిపించిన పనికి బహుమతులు వచ్చాయి, కనిపించకుండా చేయడమే తన పని అనుకున్నవాడికి రాలేదు. అక్కడివాళ్ల సంగతి మనకెందుకు గానీ, మీ పేపర్లోనైనా సినిమా వ్యాసం వేసినప్పుడు డైరెక్టరు, హీరోహీరోయిన్ల ఫోటోల కింద కెమెరామన్ పేరు, ట్రిక్ వర్క్ చేసినవారి పేరు ఒక వరుసలో వేయండి. దీనికైతే కెమెరా మైఖేల్ బాల్‌హౌస్, ఎఫెక్ట్స్ రోమన్ కొప్పోలా. మీ వ్యాసంలో ఈ రెండు పేర్లూ లేవు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కెమెరా అసిస్టెంట్,
తెనాలి